పనిముట్టుకు వ్రాయు మాట

కలకడ ప్రాంతమున సేద్యము చేయువారి యింట తరచుగ వినబడు మాట యొకటి కలదు. "మడికి నీళ్లు కట్టి రా నాయనా" అని తండ్రి కొడుకుతో ననును. కొడుకు పార భుజమున వేసికొని పోవును. కాలువ గట్టు తెంచి నీటిని మడిలోనికి పారించి వచ్చును. అతనికి ఆ మాటలో సందేహమేమియు లేదు. ఇప్పుడు తెలుగును నిఘంటువు చూచి నేర్చుకొన్న పరదేశి యొకడు ఆ పొలమున పనికి కుదిరెననుకొందము. కట్టుట యనగా బంధించుట యనియు, అడ్డము వేయుట యనియు అతడు చదివియున్నాడు. కావున శ్రద్ధగ పోయి, గండి పూడ్చి, నీటిని నిలిపివేసి, చెప్పిన పని చేసితినను తృప్తితో తిరిగి వచ్చును. సాయంకాలమునకు మడి యెండియుండును. పరదేశి సోమరి కాడు, మాట విననివాడు కాడు. చెప్పిన తండ్రియు అబద్ధమాడలేదు. ఆ మాట యే పొలమున పుట్టినదో ఆ పొలమును ఒకడెరుగును, ఇంకొకడెరుగడు. భేదమంతయు అందే యున్నది.

అట్టి పరదేశి నేడు మన కొలువులలో నిజముగనే చేరియున్నాడు. అతడు మనిషి కాడు. కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంటు. మేము ఈ సీమలో పుట్టి, బెంగుళూరులో కొన్నాళ్ళు ఉద్యోగము చేసి, ఇప్పుడు కలకడలో ఇంటనే కూర్చుండి దూరమున నున్న కంప్యూటర్లను కనిపెట్టుచుండు వారము. ఆ ఏజెంటు చేతికి పనిముట్లనిచ్చి, ఏ పనిముట్టు దేనికో వ్రాసి పెట్టుట మా పనులలో నొకటి. చూచుటకు మిక్కిలి చిన్నపని. అందు మేము చేసిన పొరపాటును, దానివలన నేర్చుకొన్న నాలుగు సంగతులను శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగ క్లౌడ్ అను మాటను గూర్చి. పేరు విని ఆకాశము వంక చూడనక్కరలేదు. భూమిమీద పెద్ద పెద్ద భవనములు కట్టి, వానిలో వేలకొలది కంప్యూటర్లు నిలిపి, వానికి విద్యుత్తు, చల్లదనము, కాపలా సమకూర్చి, కావలసిన వారికి కావలసినంత కాలము అద్దెకిచ్చు ఏర్పాటునకే ఆ పేరు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులో అట్టి కేంద్రములను ప్రారంభించినది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదు సంవత్సరములలో సుమారు 1500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధా కేంద్రమును నిర్మింతుమని ప్రకటించినది. బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి చీటీలు, పరీక్షా ఫలితములు మున్నగు వానిలో నెన్నో నేడిట్టి అద్దె యంత్రములను ఆశ్రయించియే నడుచుచున్నవి.

ఈ యంత్రములను ఒకరు కనిపెట్టుచుండవలెను. రద్దీ పెరిగినప్పుడు క్రొత్త యంత్రమును నడిపింపవలెను. పని లేనప్పుడు ఆపవలెను. డిస్కులోని సమాచారమునకు నకలు తీసి దాచవలెను. లోనికి వచ్చుటకు ఎవరికి హక్కు కలదో, ఎవరికి లేదో నిర్ణయింపవలెను. నిన్న మొన్నటి వరకు ఈ పనులన్నియు మనుష్యులే, కొన్ని ఆజ్ఞలను టైపు చేసి, కొన్నింటికి చిన్న ప్రోగ్రాములు వ్రాసి, చేయుచుండిరి. ఇప్పుడు ఆ ఆజ్ఞలను ఎన్నుకొను పనిలో కొంత ఏజెంటుకు ఒప్పగించుచున్నారు. "పరీక్షల కొరకు నడుపుచున్న యంత్రములను రాత్రికి ఆపుము" అని మామూలు మాటలలో చెప్పినచో చాలును. తక్కినది అతడు చూచుకొనును.

ఎట్లు చూచుకొనును? అసలు సంగతి ఇక్కడనే యున్నది. ఏజెంటుకు కన్నులు లేవు. యంత్రశాల నతడెన్నడును చూడలేదు. పనిముట్టు లోపల వ్రాసియున్న ప్రోగ్రామును కూడ సాధారణముగ చూడడు. అతని ముందుకు వచ్చునవి మూడే: పనిముట్టు పేరు, దానిని గూర్చిన వివరణ, దానిని వాడుటకు పూరింపవలసిన వివరముల పట్టిక. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిలో ఈ మూడింటికిని స్పష్టమైన స్థానములేర్పడినవి; తరువాత ఇతర సంస్థలును ఆ పద్ధతిని చేపట్టినవి. యజమాని కోరికయు, పనిముట్ల వివరణలును ఒకే కాగితముమీద వ్రాసినట్లు ఏజెంటు ముందు నిలుచును. అతడు వానిని చదివి, ఈ కోరికకు ఈ పనిముట్టు తగునని నిశ్చయించి, పట్టిక పూరించి పంపును. వేరొక ప్రోగ్రాము ఆ పనిచేసి, ఫలితమును తిరిగి మాటలలోనే తెలుపును. అనగా అతని లోకమంతయు మాటయే. మనము వ్రాసినదే అతని పొలము.

ఇక మా పొరపాటు. కొంతకాలము క్రిందట మేము పనిచేయుచుండిన చోట, రాత్రివేళ వృథాగ తిరుగు పరీక్షా యంత్రములకు అద్దె హెచ్చుగ నగుచున్నదని, ఆ పని ఏజెంటుకు ఒప్పగింప నిశ్చయించితిమి. రెండు పనిముట్లను సిద్ధము చేసితిమి. ఒకదానికి "యంత్రమును ఆపు" అని పేరు. "యంత్రమును ఆపును" అని వివరణ. రెండవదానికి "యంత్రమును ముగించు" అని పేరు. "యంత్రపు పనిని నిలుపును" అని వివరణ. పావుగంటలో వ్రాసితిమి. మాకందరికిని తెలిసిన సంగతియే కావున ఎవరును మరల చదువలేదు.

శ్రోతలలో ఈ వృత్తి నెరుగని వారికొక మాట చెప్పవలెను. యంత్రమును ఆపుట వేరు, ముగించుట వేరు. ఆపిన యంత్రము నిద్రించిన మనిషి వంటిది. దాని డిస్కులోని సమాచారము పదిలముగ నుండును, తెల్లవారి లేపవచ్చును. ముగించినచో యంత్రము పోవును; ప్రత్యేకముగ కాపాడు ఏర్పాటు చేయనియెడల, సాధారణముగ దానిని నడిపించు డిస్కును దానితోడనే పోవును. మా వివరణలలో ఈ భేదము లేనే లేదు. పైగా "పనిని నిలుపును" అను మాట, "రాత్రికి పనులు నిలుపుము" అని యజమాని పంపిన కోరికకు చక్కగ అతికినది. ఏజెంటు దానినే ఎన్నుకొనెను.

మాతో పనిచేయు ఒక యువతి పదునొకండు దినములు కష్టపడి, పాత టమోటా ధరల పట్టికలను ఒక్కొక్క వరుసగ సరిచూచి, ఒక పరీక్షా యంత్రములో భద్రపరచుకొనియుండెను. మరునాటి యుదయమున ఆమె ఫోను చేసి, "అన్నా, రాత్రి ఆపమనే కదా చెప్పినాము, నా డిస్కు ఏమైపోయింది?" అని అడిగినది. అప్పటికి మేము ఏజెంటు పంపిన నివేదికను చూచి సంతోషించుచుంటిమి. "పరీక్షా యంత్రములన్నిటి పనిని నిలిపితిని" అని అందున్నది. అబద్ధము కాదు. మేము నేర్పిన మాటనే మాకు తిరిగి చెప్పినది.

ఆ దినమంతయు మాలో ప్రతివారును యంత్రమునే నిందించితిమి. దానికి బుద్ధి లేదనియు, నమ్మరాదనియు అంటిమి. సాయంకాలము ఒక పెద్దాయన, ఆ రెండు వివరణలను కాగితముమీద వ్రాయించి, యంత్రముల సంగతి యెరుగని తన యింటివారి ముందుంచి, "రాత్రికి పనులు నిలుపవలెనన్నచో వీనిలో దేనిని వాడుదురు?" అని అడిగెను. వారును రెండవదానినే చూపిరి. అంతటితో మా వాదము ముగిసెను. ఆ యువతి పదునొకండు దినముల పనిని మరల చేసినది. ఆమెకు తోడుగ మేమును కొన్ని రాత్రులు కూర్చుంటిమి. ఒక్క వాక్యము వ్రాయుటకు పావుగంట చాలుననుకొన్నందులకు అది మేము చెల్లించిన వెల.

తరువాత ఆ వివరణలను తిరిగి వ్రాసితిమి. మొదటిదాని పేరు "యంత్రమును తాత్కాలికముగ ఆపు" అని మార్చితిమి. వివరణ యిది: "నడుచుచున్న ఒక యంత్రమును ఆపును. డిస్కులోని సమాచారము చెడదు, మరల నడిపింపవచ్చును. రాత్రివేళ ఖర్చు తగ్గించుటకు దీనినే వాడవలెను. ఆపియుంచినను డిస్కు అద్దె పడుచుండును." రెండవదాని పేరు "యంత్రమును శాశ్వతముగ తొలగించు." దాని వివరణ: "యంత్రమును, దానిని నడిపించు డిస్కును నిర్మూలించును. తిరిగి తెచ్చుట సాధ్యము కాదు. ఆపుటకు గాని ఖర్చు తగ్గించుటకు గాని దీనిని వాడరాదు. అందులకు తాత్కాలికముగ ఆపు పనిముట్టు కలదు. యజమాని యంత్రము పేరు చెప్పి తొలగించుమని కోరినప్పుడు మాత్రమే వాడవలెను. సందేహమున్నచో పని చేయక అడుగవలెను."

ఈ రెండు జతలను పోల్చి చూచినచో వివరణకు కావలసిన గుణములు వానియంతట అవియే తెలియును. మొదటి గుణము, పేరును మరల చెప్పక పని యొక్క ఫలితమును చెప్పుట. "యంత్రమును ఆపు" అను పేరునకు "యంత్రమును ఆపును" అని వివరణ వ్రాయుట, చెరకు తీపి యెట్లుండునని అడిగినవానికి చెరకువలె నుండునని చెప్పుట వంటిది. పని జరిగిన పిదప ఏది మిగులును, ఏది పోవును, ఏది తిరిగి వచ్చును అను ప్రశ్నలకు బదులుండవలెను.

రెండవ గుణము, ఎప్పుడు వాడరాదో చెప్పుట. మనవారిలో ఇది క్రొత్త బుద్ధి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక గొప్ప చెరువు కలదు. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. 1369వ సంవత్సరము నాటి శాసనమొకటి ఆ చెరువును గూర్చి చెప్పుచున్నది. రెండు సంవత్సరములు, దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందు కలదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను అందు చెప్పిరి. అంతటితో నిలువలేదు, ఆరు దోషములను కూడ చెక్కించిరి. కట్టనుండి నీరు ఊరుట, చవిటి నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై నేల యెక్కువగుట, నేల కొంచెమై నీరు ఎక్కువగుట అనునవి ఆ దోషములు. తరువాతి తరమువాడు, తాము దగ్గర నుండి చెప్పలేనివాడు, ఈ శాసనమును చదువునని వారెరుగుదురు. అందులకే చేయవలసిన దానితోపాటు కూడనిదానిని వ్రాసి పెట్టిరి. పనిముట్టు వివరణయు అట్టి శాసనమే. చదువువాడు మన ఎదుట నుండడు. సందేహము వచ్చినప్పుడు మన ముఖము చూచి తెలిసికొనలేడు.

ఆ ఆరింటిలో రెండు రాజ్యముల సరిహద్దను దోషము మా పనికి మిక్కిలి దగ్గరిది. పరీక్షలకు వాడు యంత్రములు ఒక రాజ్యము. ప్రజలకు సేవ చేయుచున్న అసలు యంత్రములు ఇంకొక రాజ్యము. ఒకే పనిముట్టు రెండింటిమీదను పనిచేయుననియెడల ఎన్నటికైనను చిక్కు తప్పదు. ఈ పనిముట్టు పరీక్షా యంత్రములకే, ఇది అసలు యంత్రములకే అని వేరుచేసి, ఆ మాటను పేరులోనే చేర్చుట మేలు.

మూడవ గుణము, పూరింపవలసిన వివరములలో అస్పష్టత లేకుండుట. "ఆపవలసిన సమయము: 22:00" అని యున్నదనుకొందము. ఏ దేశపు గడియారము? పనిముట్టు సార్వత్రిక కాలమును అనుసరించుచు, యజమాని భారత కాలమును తలచినచో, రాత్రి పదిగంటలకు ఆగవలసిన యంత్రము తెల్లవారుజామున మూడున్నరకు ఆగును. ఐదున్నర గంటల అద్దె ప్రతి రాత్రియు గాలికి పోవును. కావున "సమయము, భారత కాలము ప్రకారము, 24 గంటల లెక్కలో, ఉదాహరణకు 22:00 అనగా రాత్రి పది" అని వ్రాయవలెను. పరిమాణమైనచో గిగాబైట్లా, టెరాబైట్లా. వ్యవధియైనచో నిమిషములా, సెకండ్లా. ఏమియు పూరింపనిచో ఏమగును. ఇవన్నియు పట్టికలోనే యుండవలెను.

ప్రాంతముల పేర్లలో మాకు నవ్వు తెప్పించిన సంగతి యొకటి కలదు. అమెజాన్ వారి క్లౌడులో "ఏపీ-సౌత్-1", "ఏపీ-సౌత్-2" అను పేర్లు కలవు. తెలుగువాడు చూచిన వెంటనే ఆంధ్రప్రదేశ్ అనుకొనును. ఆ ఏపీ మన ఏపీ కాదు. ఏషియా పసిఫిక్ అను మాటకు పొట్టి రూపము. మొదటిది ముంబయి, రెండవది హైదరాబాదు. రెండింటిలో నొకటియు ఆంధ్రప్రదేశ్‌లో లేదు. "మన రాష్ట్రమునకు దగ్గరగ నుండు చోట నకలు దాచుము" అని కోరినప్పుడు ఏజెంటు తడుముకొనకుండవలెనన్నచో, సంకేతము ప్రక్కనే ఊరిపేరు వ్రాసి యుంచవలెను. అందుకు ఒక్క మాట చాలును.

తెలుగులో ఆజ్ఞలిచ్చువారికి ఇంకొక జాగ్రత్త అవసరము. వివరణలు హెచ్చుగ ఆంగ్లములో నున్నవి. కోరికలు తెలుగులో వచ్చుచున్నవి. మన "తీయుట" అను క్రియను చూడుడు. తూము తీయుట యనగా తెరచుట. మేకు తీయుట యనగా పెరికివేయుట. ఫోటో తీయుట యనగా లేనిదానిని పుట్టించుట. నకలు తీయుట యనగా ఉన్నదానిని రెండు చేయుట. మరి "ఆ యంత్రమును తీసివేయుము" అన్నప్పుడు జాబితాలోనుండి పేరు తీయుటయా, సేవనుండి తప్పించుటయా, డిస్కుతో సహా నాశనము చేయుటయా? ఇరువురు మనుష్యులైనచో ఒకరు "ఏమంటివి?" అని మరల అడుగుదురు. ఏజెంటు కూడ అడుగవచ్చును. కాని అడుగుమని మనము వ్రాసియుండవలెను. "యజమాని తీసివేయుమని మాత్రమే అన్నచో, ఏ అర్థమో తెలిసికొనిన పిదపనే పనికి పూనుకొనుము" అను ఒక్క వాక్యమును మేము ఇప్పుడు తప్పక చేర్చుచున్నాము.

నాలుగవ గుణము, పని జరుగనప్పుడు వచ్చు సమాధానము. పనిముట్టు విఫలమైనచో "దోషము, 400" అని మాత్రము పలుకుట పలువురి అలవాటు. ఆ సంఖ్యను చూచి ఏజెంటు ఏమి నేర్చుకొనును? అదే పనిని అదే విధముగ పదిమార్లు చేయును. "ఈ పేరుగల యంత్రము హైదరాబాదు ప్రాంతములో లేదు, ముందుగ యంత్రముల జాబితా చూచి, సరియైన పేరుతో మరల ప్రయత్నింపుము" అని వచ్చినచో దారి దొరకును. పొమ్మని తలుపు మూయుటకును, ఎటు పోవలెనో చెప్పి పంపుటకును గల భేదమిది.

ఇంత చెప్పిన మాత్రమున ప్రతి వివరణయు పురాణమంత యుండవలెనని భావింపరాదు. ఏజెంటు సాధారణముగ పనికి దిగినప్పుడెల్ల ఆ వివరణలను చదువవలసి యుండును. పనిముట్లు నూరై, ఒక్కొక్కదానికి పుటలు పుటలు వ్రాసినచో, అసలు కోరిక ఆ రాశిలో మునిగిపోవును. ఒండొంటిని పోలిన పనిముట్లు పెరిగిన కొలది ఎన్నిక తప్పుటయు పెరుగును. కొలతకు మాకు ఆదర్శము మదనపల్లె సమీపముననే దొరకినది.

రిషివ్యాలీ విద్యాసంస్థవారు, ఒక్క ఉపాధ్యాయుడే అనేక తరగతులను నడుపవలసిన పల్లెబడుల కొరకు, 1980 దశకము చివరినుండి ఒక పద్ధతిని రూపొందించిరి. పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగ విడగొట్టిరి. ప్రతి కార్డునకు ఒక బొమ్మ గురుతు. గోడమీద నిచ్చెనవంటి పట్టిక. అందులో ఏ గురుతు తరువాత ఏ గురుతో క్రమముగ నుండును. బాలుడు నిచ్చెనమీద తన చోటు చూచుకొని, తనకు తగిన కార్డు తానే తీసికొని, ఈ పని ఉపాధ్యాయునితో చేయవలెనా, తోడివారితోనా, ఒంటరిగనా అని గురుతునుబట్టి తెలిసికొనును. ఆ పద్ధతి తరువాత తమిళనాడు మొదలైన ఇతర రాష్ట్రముల బడులకును వ్యాపించినది. కార్డు చిన్నది, కాని కొరతలేనిది: ఒక కార్డునకు ఒక పని, స్పష్టమైన గురుతు, ముందు వెనుకల క్రమము, ఎప్పుడు పెద్దల నడుగవలెనను సూచన. ఉపాధ్యాయుడు ప్రక్కన లేనప్పుడు కూడ బాలుడు దారి తప్పకుండుటకు వ్రాసిన మాటలవి. మేము ఏ వివరణ వ్రాసినను ఇప్పుడు ఆ కార్డును తలచుకొందుము.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. ఎంత చక్కగ వ్రాసినను మాట తాళము కాజాలదు. 2017 ఫిబ్రవరి 28వ తేదీన అమెరికాలోని వర్జీనియా ప్రాంతపు అమెజాన్ నిలువ సేవ కొన్ని గంటలపాటు స్తంభించినది. దాని నాశ్రయించిన వెబ్‌సైట్లు అనేకము నిలిచిపోయినవి. ఆ సంస్థయే ప్రకటించిన కారణము: కొన్ని సర్వర్లను తొలగింపబోయిన ఉద్యోగి, ఆజ్ఞలో ఒక వివరమును తప్పుగ పూరించుటచే, అనుకొన్న దానికంటె ఎక్కువ సర్వర్లు తొలగిపోయినవి. ఆ పని చేసినవాడు అధికారము గల మనిషి. ముందు వ్రాసియున్న పద్ధతి ప్రకారమే చేయుచుండెను. తరువాత ఆ సంస్థ పనిముట్టునే మార్చినది. తొలగింపు మెల్లగ జరుగునట్లును, ఉండవలసిన కనీస సంఖ్యకు దిగువకు పోకుండునట్లును కట్టుదిట్టము చేసినది. మన పూర్వులును చెరువు తూమును గూర్చి ఊరందరికిని బోధించుటతో తృప్తిపడలేదు; తెరచు బాధ్యతను నీరుగంటి చేతనే యుంచిరి. వివరణ బోధ వంటిది; అనుమతి నీరుగంటి వంటిది. తిరిగిరాని పనికి రెండును కావలెను. మా వద్ద ఇప్పుడు శాశ్వతముగ తొలగించు పనిముట్టు మనిషి ఒప్పుకొననిదే కదలదు.

పైన చెప్పిన ప్రోటోకాల్‌లో, ఈ పనిముట్టు చూచుట మాత్రమే చేయును, ఇది నాశనము చేయగలది, ఇది ఎన్నిమార్లు చేసినను ఫలితమొకటే అని తెలుపు సూచికలు తరువాత చేర్చబడినవి. అవి సూచనలే గాని ప్రమాణములు కావనియు, నమ్మదగని చోటనుండి వచ్చినప్పుడు వానిని నమ్మరాదనియు ఆ ప్రోటోకాలే చెప్పుచున్నది. అన్యులు వ్రాసిన వివరణలలో ఏజెంటును పెడత్రోవ పట్టించు ఆజ్ఞలను దాచవచ్చునని 2025లో భద్రతా పరిశోధకులు చూపిరి. కావున బయటినుండి తెచ్చుకొన్న పనిముట్టు వివరణను మనిషి యొకడు ఆసాంతము చదువవలెను. క్రొత్తవాని చేతికి మన యింటి తాళపుచెవి నిచ్చుటకు ముందు, అతని చెవిలో ఎవరేమి చెప్పిరో తెలిసికొనుట మన ధర్మము.

వివరణ బాగున్నదో లేదో తెలిసికొను ఉపాయము ఏది? మాకు ఆ పెద్దాయన చూపిన ఉపాయమే మేలుగ నున్నది. పని నెరుగనివాని చేత చదివించుట. అతడు "ఇట్లు చేసినచో ఏమి పోవును?" అని అడిగినచో, ఆ ప్రశ్నకు బదులు వివరణలో లేదని తెలియును. తరువాత, హాని లేని యంత్రముల నడుమ ఏజెంటును విడిచి, రకరకముల మాటలలో కోరికలు పంపి, అతడు ఏ పనిముట్టు నెన్నుకొనెనో, పట్టికలో నేమి పూరించెనో వరుసగ చూచుట. తప్పెన్నుకొన్న ప్రతిసారియు అతనిని నిందించుటకు ముందు మన వాక్యమును చదువుట. పలుమార్లు ఒక మాట మార్చినంతనే అతని నడక సరియగుట మేము చూచితిమి. అయినను సరికానిచో పనిముట్టునే మార్చవలెను.

ఇందులో మాకు తోచిన పెద్ద సంగతి యొకటి కలదు. మనిషికి చెప్పునప్పుడు మనము సగము మాటయే చెప్పుదుము. తక్కిన సగము అతని అనుభవము పూరించును. మన మాట సంపూర్ణమైనదని మన కందుచేత భ్రమ కలుగును. ఏజెంటు కూడ తక్కిన సగమును పూరించుకొనును; కాని మన ఊరినుండి కాదు, తాను చదివిన లోకమునుండి. ఆ పూరణము మనకు సమ్మతమగునో కాదో పని జరిగిన పిదపగాని తెలియదు. సగము మాట చెప్పి, నిండు పని కోరుట న్యాయము కాదు. పని చేసిన చేయి ఎవరిదైనను, చేయించిన మాట వ్రాసినవానిదే గదా! ఆ మాటకు వచ్చు ఫలితమును, మంచిదైనను చెడ్డదైనను, అతడు తనదిగ స్వీకరింపవలెను.

కలకడలో, బెంగుళూరులో, హైదరాబాదులో ఈ వృత్తియందున్న మన యువతీయువకులు అనేకులు కలరు. ప్రోగ్రాము వ్రాయుట గొప్ప విద్య యనియు, దానిక్రింద నాలుగు వాక్యములు వ్రాయుట చిల్లరపని యనియు వారిలో కొందరు తలచుచున్నారు; మేమును అట్లే తలచితిమి. ఆ నాలుగు వాక్యములను మేమిప్పుడు ముందుగ వ్రాసికొని, పిదప ప్రోగ్రామునకు పూనుకొందుము. స్పష్టముగ వ్రాయలేనిచో పనియే మాకు ఇంకను స్పష్టపడలేదని గ్రహింతుము.

ఆ యువతి ఇప్పుడు మా వివరణలన్నిటికిని తుది పాఠకురాలు. ఆమె చదివి సరేననిన పిదపగాని ఏ పనిముట్టును ఏజెంటు చేతికి పోదు. మొన్న మేము పంపిన ఒక వివరణను ఆమె తిప్పి పంపినది. దాని ప్రక్కన చిన్నగ, "అన్నా, ఇది ఎవరి మడికి? నీళ్లు పెట్టాలా, ఆపాలా?" అని వ్రాసియున్నది. మేము మరల కూర్చుండి వ్రాసితిమి.